తాతగారి రేజరు, మనవడి గడ్డం

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. హైదరాబాదులో ఉద్యోగం. కాలేజీ రోజుల నుంచి మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జి రేజరే వాడుతున్నాను. మెడ మీద ఎర్రటి పొక్కులతో, చర్మంలోకే ముడుచుకుపోయే వెంట్రుకలతో విసిగిపోయాను. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు బీరువాలో తాతగారి పాత ఇనుప రేజరు దొరికింది. పైన మూత తీసి బ్లేడు పెట్టి, పిడి తిప్పి బిగించే రకం. అయ్యప్ప దీక్షలో పెరిగిన గడ్డాన్ని, దీక్ష ముగిశాక దానితోనే తీసేద్దామని కూర్చున్నాను. పావుగంటలో ఏడు చోట్ల తెగింది. మూడు రోజులు ఆగి మళ్లీ ప్రయత్నిస్తే తెగలేదు గానీ, మెడంతా మంట. ఈ రేజరు నాకు పడదా, లేక నాకే చేతకావడం లేదా? ఏ బ్లేడు కొనాలి? ఇంకో చిక్కు: నానమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. మంగళవారం, శుక్రవారం గడ్డం గీసుకోనివ్వదు.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం: ఏడు గాట్లనూ లెక్కపెట్టుకున్నారంటే మీరు నాకంటే నిబ్బరం గల మనిషి. నేను డిగ్రీ రెండో ఏడాదిలో, నాన్న ఊళ్లో లేని రోజు చూసి ఆయన రేజరు ముట్టుకున్నాను. ఎన్ని తెగాయో చూసుకునే ధైర్యం లేకపోయింది. నెత్తురు ఆగడానికి దినపత్రిక చింపి ముక్కలు అంటించుకోవడం అప్పటి ఇంటి వైద్యం. వాటిని తీయడం మరచిపోయి అలాగే కాలేజీకి వెళ్లాను. ఆ పూట మిత్రులు వార్తలు నా ముఖం మీదే చదువుకున్నారు. నాన్న తిరిగి వచ్చాక నన్ను ఎగాదిగా చూసి ఒక్క మాట అన్నారు: "గడ్డం గీయాలిరా, చెక్కకూడదు."

మీ సమస్య కూడా అదే. రేజరులో దోషం లేదు, మీ చర్మంలోనూ లేదు. మీరు చెక్కుతున్నారు. ఆ అలవాటు మీ చేతికి నేర్పింది ఇన్నాళ్లూ వాడిన కార్ట్రిడ్జి. దాని తల అటూ ఇటూ ఊగుతుంది. మీరు ఎలా పట్టుకున్నా, ఎంత నొక్కినా చర్మానికి తగిన కోణంలోకి అదే ఒరుగుతుంది. నొక్కితే ఇంకా నున్నగా వస్తుందని చేయి నమ్మేసింది. తాతగారి రేజరు తల ఊగదు. కోణం మీరే చూసుకోవాలి, బరువు అదే చూసుకుంటుంది. మీరు దాని పని మీద వేసుకుని మీ పని దానికి వదిలేశారు, అంతే.

రెండో పొరపాటు దీక్ష గడ్డం మీద నేరుగా రేజరు పెట్టడం. మండల దీక్ష అంటే 41 రోజులు. అన్నాళ్ల గడ్డం బ్లేడుకూ దాని కింద ఉండే అంచుకూ మధ్య ఉన్న సన్నని సందులో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే రేజరు కదలదు. కదలకపోతే మీరు నొక్కుతారు. నొక్కితే ఒక్కసారిగా జారుతుంది. ఏడింటిలో అయిదు గాట్లయినా ఇలాగే పడి ఉంటాయని నా అనుమానం. వచ్చే ఏడాది మాల తీశాక ముందు కత్తెరతోనో ట్రిమ్మరుతోనో గడ్డాన్ని రెండు రోజుల పెరుగుదలంత పొట్టిగా కత్తిరించి, ఆ తరువాతే రేజరు పట్టుకోండి. లేదా ఆ ఒక్కరోజు క్షౌరశాలకు వెళ్లండి. దానిలో చిన్నతనమేమీ లేదు.

ఇక ఆ రేజరు సంగతి. ఇనుప రేజరు అన్నారు గానీ, ఆ కాలం రేజర్లు చాలావరకు నికెల్ పూత వేసిన ఇత్తడివి. మూలల్లో పచ్చటి చిలుము కనిపిస్తే ఇత్తడే. ఇత్తడి అనగానే ఇంట్లో ఎవరైనా చింతపండు తీసుకుని బయలుదేరవచ్చు. ఆపండి. చింతపండుతో తోమితే చిలుముతో పాటు పూత కూడా పోయే ప్రమాదం ఉంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కొద్దిగా కలిపి గంటసేపు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మరలు, రేజరు అంచున ఉండే పళ్ల సందులు రుద్దండి. ఏళ్ల నాటి సబ్బు మడ్డి రాలిపోతుంది. తరువాత మూడు భాగాలనూ వెలుతురులో చూడండి. మూత ఒకవైపు వంగి ఉన్నా, అంచు పళ్లు విరిగి ఉన్నా జ్ఞాపకంగా దాచుకుని కొత్తది కొనుక్కోండి. బ్లేడు పెట్టి బిగించాక రెండువైపులా ఒకే మేరకు బయటికి కనిపించాలి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కనిపిస్తే విప్పి మళ్లీ బిగించండి. బ్లేడును ఎప్పుడూ పదును లేని పొట్టి అంచుల దగ్గరే పట్టుకోవాలి.

అంత పాత రేజరుకు ఇప్పటి బ్లేడు పడుతుందా అని మీరు అడగలేదు గానీ, అడగవలసిన ప్రశ్నే. పడుతుంది. దీని వెనుక కాస్త కథ ఉంది. 19వ శతాబ్దంలోనే భద్రమైన రేజర్లు కొన్ని వచ్చినా, వాటి బ్లేడు మందంగా ఉండేది. మంగలి కత్తిలాగే దానికీ సాన, తోలు పట్టీ తప్పేవి కావు. అమెరికాలో కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమ్మకాల ఉద్యోగికి 1895లో, పలుచని ఉక్కు రేకుకు పదును పెట్టి, మొద్దుబారగానే పారేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. అంత పలుచని రేకుకు పదును నిలవదని తెలిసినవాళ్లంతా పెదవి విరిచారు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు తోడయ్యాక గానీ పని జరగలేదు. 1903లో అమ్మకాలు మొదలైన ఏడాది పోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాది 90 వేలకు పైగా రేజర్లు. పేటెంటు కూడా 1904లోనే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన సైనికులకు ఈ రేజర్లను లక్షల్లో పంచింది. ఇంటికి తిరిగి వచ్చిన సైనికులతో పాటు ఇంట్లోనే గడ్డం గీసుకునే అలవాటూ వచ్చింది. బ్లేడు మధ్యలోని రంధ్రాల ఆకారం తరువాత కొంత మారింది గానీ, పాత రేజర్లలో ఇమిడేలాగే మారింది. అందుకే మీ వీధి చివరి దుకాణంలో దొరికే బ్లేడు నూరేళ్ల నాటి రేజరులోనూ కూర్చుంటుంది.

బ్లేడు గురించి నా మాట వింటే మీకు డబ్బు, బుర్ర రెండూ మిగులుతాయి. సెవెన్ ఓ క్లాక్, టోపాజ్ వంటి వాటిలో మీ దుకాణదారు దగ్గర ఏది ఉంటే అది ఒక ప్యాకెట్ తెచ్చుకుని, నెల రోజులు దాన్నే వాడండి. పది రకాలు తెచ్చి రోజుకొకటి మారిస్తే, తప్పు బ్లేడుదో చేతిదో ఎన్నటికీ తేలదు. కొత్తగా నేర్చుకునేవాడికి పదును తక్కువ బ్లేడు మంచిదని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. మొద్దు బ్లేడు వెంట్రుకను కోయదు, పీకుతుంది. పీకుతుంటే మళ్లీ మీ చేయి నొక్కుతుంది. నాలుగైదుసార్లు గీశాక, కొంచెం పట్టినట్టు అనిపించినా, జాలి లేకుండా మార్చేయండి. క్షౌరశాలలో మీ కళ్ల ముందు రెండుగా విరిచి పిడిలో పెట్టేదీ ఈ బ్లేడే.

ఇప్పుడు అసలు పని. స్నానం చేశాక గీసుకోండి. లేదంటే గోరువెచ్చని నీళ్లు ముఖానికి రెండు మూడు నిమిషాలు పట్టించండి. నీళ్లు పీల్చుకున్న వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుతుంది. నురగ డబ్బాలో నుంచి వచ్చేది కాకుండా, బ్రష్షుతో మీరు కలిపినదైతే మేలు. బ్రష్షు తిరుగుతున్నప్పుడు వెంట్రుకలు పైకి లేస్తాయి, నీళ్లు నురగలోనే నిలుస్తాయి. తాతగారి బ్రష్షు కూడా బీరువాలో ఉంటే మాత్రం దాన్ని ముట్టుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకలతో చేసిన బ్రష్షుల వల్ల ఆంత్రాక్స్ సోకి మనుషులు చనిపోయారు. మీ తాతగారి బ్రష్షు అలాంటిదని కాదు, కానీ ఏళ్ల తరబడి బీరువాలో మగ్గిన వెంట్రుకలను తాజా గాట్ల మీద రుద్దుకోవడం ఎందుకు? కృత్రిమ పోగుల బ్రష్షు కొత్తది కొనండి. త్వరగా ఆరుతుంది, వాసన రాదు.

కూకట్‌పల్లి అన్నారు కాబట్టి నీళ్ల గురించి అడగాలి. మీ అపార్టుమెంటుకు వచ్చేది మంజీరా నీళ్లా, బోరు నీళ్లా? బోరు నీళ్లయితే మీ కష్టాల్లో ఒక వంతు అక్కడే ఉంది. ఉప్పదనం ఉన్న గట్టి నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి మడ్డి కడతాయే గాని నురగ కట్టవు. బకెట్టు అంచున పేరుకునే ఆ తెల్లటి చార చూసే ఉంటారు. వంటింట్లో తాగే నీళ్లు ఒక గ్లాసు తెచ్చుకోండి. నురగ కలపడానికి అవి చాలు, కడుక్కోవడానికి బోరు నీళ్లు పరవాలేదు. ఈ చిన్న మార్పు చేశాక, నా సబ్బు మంచిది కాదని తిట్టుకోవడం మానేశాను. నురగ గట్టి పెరుగు మీది మీగడలా, కాస్త జారుడుగా, మెరుస్తూ ఉండాలి. గాలి బుడగలతో పొంగి ఉంటే నీళ్లు ఎక్కువైనట్టు. ముఖం మీద ఆరిపోయి బిగుసుకుంటుంటే తక్కువైనట్టు.

కోణం ఇలా పట్టుబడుతుంది. రేజరు తలను చెంపకు ఆనించి, పిడి నేలకు సమాంతరంగా, చెంపకు నిటారుగా ఉండేలా పట్టుకోండి. అప్పుడు చర్మానికి మూత మాత్రమే తగులుతుంది, బ్లేడు తగలదు. ఆ స్థితిలో కొద్ది కొద్దిగా కిందికి లాగుతూ, పిడిని మెల్లగా కిందికి వంచుతూ రండి. ఒకచోట సన్నగా గరగరమని చప్పుడు మొదలవుతుంది. అదే మీ కోణం. బ్లేడుకూ చర్మానికీ మధ్య సుమారు 30 డిగ్రీలు ఉంటుందని చెబుతారు. అద్దం ముందు కోణమానినితో నిలబడేవాడు ఎవడూ ఉండడు కనుక చెవినే నమ్మండి. పంపు కట్టేసి, పాటలు ఆపి గీసుకోండి. మొదటి నెల ఆ చప్పుడే మీ గురువు.

పిడిని చివరి భాగంలో రెండు మూడు వేళ్లతో, చంటిపిల్ల చేయి పట్టుకున్నట్టు పట్టుకోండి. పిడికిలి బిగిస్తే బరువు మీదవుతుంది. ఒక్కో గీత రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు. చెవి దగ్గర మొదలుపెట్టి ఒక్క ఊపున దవడ దాకా లాగడం ప్రకటనల్లో బాగుంటుంది, ఈ రేజరుతో కుదరదు. దవడ ఎముక దగ్గర ముఖం వంపు తిరుగుతుంది, కోణం మారిపోతుంది, గాటు పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, రేజరు ఎటు చూస్తోందో అటే కదలాలి. కాస్త పక్కకు జారిందా, వంకాయ కోసినట్టు కోస్తుంది. రెండు వైపులా పదును ఉంది కాబట్టి ఒకవైపు నురగ నిండితే తిప్పి రెండోవైపు వాడి, అప్పుడు కడగండి.

మెడ మంటకు కారణం వేరు. గడ్డం చెంపల మీద పైనుంచి కిందికి మొలుస్తుంది గనుక మెడ మీద కూడా అంతేనని మనం అనుకుంటాం. ఒక రోజు గీయకుండా వదిలి, వేళ్లతో మెడను నలువైపులా నిమిరి చూడండి. ఏ దిక్కుకు నిమిరితే గరుకు తగలదో, వెంట్రుక ఆ దిక్కుకు మొలుస్తున్నట్టు. కొందరికి మెడ మీద అడ్డంగా, కొందరికి కింది నుంచి పైకి, కొందరికి గొంతు పక్కన సుడిలా ఉంటుంది. నాకు ఎడమవైపు చెవి దిక్కుగా మొలుస్తుందని తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ ఎదురు గీస్తున్నానని తెలియక ఎదురు గీశాను. మీరు ఒక కాగితం మీద మెడ బొమ్మ వేసి బాణం గుర్తులు పెట్టుకోండి. నవ్వు వస్తే రానివ్వండి.

ఆ బాణాల దారినే గీయండి. ఒక విడతలోనే నున్నగా తేల్చేయాలన్న పట్టుదల వద్దు. మొదటి విడతతో గడ్డం తగ్గుతుంది, అంతే. మళ్లీ నురగ పూసి రెండో విడత అడ్డంగా గీస్తే ఇంకా తగ్గుతుంది. నురగ లేని చోట మాత్రం 'ఇక్కడ కొంచెం మిగిలింది' అంటూ ఒక్క గీత కూడా వద్దు. మంటలన్నిటికీ పుట్టిల్లు అదే. మూడో విడత, అంటే ఎదురు గీత, మీకు నెల రోజుల దాకా నిషేధం. మెడ మీద శాశ్వతంగా మానేసినా నష్టం లేదు. మీకు వెంట్రుకలు లోపలికి ముడుచుకుపోయే బాధ ఉంది కదా. కార్ట్రిడ్జిలో మొదటి బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగితే, అది వెనక్కి జారేలోపు తరువాతి బ్లేడు ఇంకా కింద కోస్తుంది. తెగిన కొన చర్మం అడుగుకు పోయి, వంకర తిరిగిన వెంట్రుకైతే లోపలే దారి వెతుక్కుంటుంది. ఒక్క బ్లేడుతో ఆ బాధ తగ్గే అవకాశం ఎక్కువ. కానీ చర్మాన్ని బాగా సాగదీసి, ఎదురు గీసి, చేయి వేస్తే జారిపోయేంత నున్నగా చేసుకుంటే ఒక్క బ్లేడుతోనూ అదే గతి. సాయంత్రానికి కాస్త గరుకు తేలితే తేలనివ్వండి.

ముఖమంతా ఒకేరోజు ఈ రేజరుకు అప్పగించకండి. మొదటి వారం చెంపలు మాత్రమే దీనితో, మిగిలినది మీ పాత రేజరుతో. చెంపల మీద నదురూ బెదురూ పోయాక దవడ, ఆ తరువాత మెడ. పై పెదవి, గడ్డం గుంట చివరికి. పై పెదవి దగ్గర పెదవిని పళ్ల మీదికి దించి బిగించి, పొట్టి గీతలు గీయాలి. గొంతు ముడి దగ్గర చర్మాన్ని పక్కకు జరిపి, చదునుగా ఉన్న చోట గీసి వదిలేయాలి. మీసం ఉంచుకుంటే దాని అంచులు దిద్దడానికి ఈ రేజరు పనికిరాదు. మూత అడ్డం వచ్చి బ్లేడు ఎక్కడుందో కనబడదు. చిన్న కత్తెర వాడండి. ఒక మిత్రుడు అంచు సమం చేయబోయి అటు కొంచెం, ఇటు కొంచెం తీస్తూ పోయి, చివరికి మీసమే లేకుండా బయటికి వచ్చాడు.

గీయడం పూర్తయ్యాక చల్లటి నీళ్లతో కడుక్కుని, తడి ముఖం మీద పటిక ముక్క మెల్లగా తిప్పండి. కిరాణా దుకాణంలో దొరికేదే. చిన్న గాట్ల నెత్తురును అది ఆపుతుంది. దానితో ఇంకో ఉపయోగం ఉంది, చాలామంది గమనించరు. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ మీరు నొక్కారు. ఎక్కడ చల్లగా ఉంటే అక్కడ సరిగా గీశారు. రోజువారీ మార్కుల పట్టిక అన్నమాట. అరనిమిషం ఉంచి కడిగేసి, వాసన లేని మామూలు మాయిశ్చరైజరు ఏదైనా రాసుకోండి. భగ్గుమనే ఆఫ్టర్ షేవ్ లోషన్లు మెడ తేరుకునేదాకా వద్దు. మొటిమలు, చీము పొక్కులు ఉన్నచోట బ్లేడు పెట్టకండి. ఈ పద్ధతిలో నెల రోజులు గీశాక కూడా పొక్కులు తగ్గకపోతే చర్మ వైద్యుణ్ణి చూడండి. వైద్యుడు రేజరే వద్దు, ట్రిమ్మరు వాడమంటే వాడండి, తాతగారు ఏమీ అనుకోరు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవాళ్లు, గాయాలు త్వరగా మానని మధుమేహులు కూడా వైద్యుణ్ణి అడిగే మొదలుపెట్టాలి. ఇంకొకరి రేజరు వాడవద్దు, మీది ఇవ్వవద్దు. హెపటైటిస్ వంటివి సోకడానికి కంటికి కనబడని నెత్తురు చాలు.

వాడిన బ్లేడును బ్రష్షుకో, తువ్వాలుకో తుడవకండి. కడిగి, విదిలించి ఆరనివ్వండి. పారేసేటప్పుడు నేరుగా చెత్తబుట్టలో వేస్తే, దాన్ని వేరు చేసే మనిషి చేయి తెగుతుంది. మిఠాయి రేకు డబ్బా ఒకటి తీసుకుని మూతకు సన్నని గాడి కొట్టించి, దానిలో వేస్తూ పోండి. నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక మూతను టేపుతో బిగించి, పైన 'బ్లేడ్లు' అని రాసి చెత్త బండి మనిషికి చెప్పి ఇవ్వండి. విమానంలో వెళ్లేటప్పుడు బ్లేడ్లు చేతి సంచిలో ఉంటే తీసేస్తారు, పెద్ద పెట్టెలో పెట్టుకోండి.

ఇక నానమ్మగారి సంగతి. ఈ విషయంలో నేను పూర్తిగా ఆమె పక్షం. నేర్చుకునే రోజుల్లో చర్మానికి గీతకూ గీతకూ మధ్య కనీసం రెండు రోజుల విరామం కావాలి. మీరేమో మంట తగ్గకముందే మళ్లీ మొదలుపెట్టే రకంలా ఉన్నారు. మొదటి నెల బుధవారం, ఆదివారం మాత్రమే గీసుకోండి. మంగళ, శుక్రవారాలు ఎందుకు పనికిరావని మాత్రం ఆమెతో వాదన పెట్టుకోకండి. మాట మీద మాట పెరిగితే సోమవారం శివుడిదని, గురువారం సాయిబాబాదని, శనివారం వెంకటేశ్వరస్వామిదని ఆమెకు గుర్తుకు వస్తుంది.